బుగ్గ మీద గాటు

చి. కావ్యకి, అత్త ఆశీస్సులు.

నీ పాత డాలరు నాణేలన్నీ నువ్వు గ్రేడింగ్‌కి, అంటే ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయో చూసి నంబరు వేసేవాళ్లకి, పంపబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గర్వంగానే చెప్పాడులే. నాకూ సంతోషమే. మన ఇంట్లో నా తరవాత భూతద్దం పట్టింది నువ్వే. కానీ మాటల మధ్యలో "పంపేముందు ఒకసారి శుభ్రంగా తుడుస్తుందట అక్కా" అన్నాడు చూడు, అప్పుడు మొదలైంది నాకు టెన్షన్. తుడవకు తల్లీ. ఆ గుడ్డ అవతల పెట్టి, తరవాత ఇది చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తు. కింద మెత్తటి బట్ట పరుచుకో. నాణెం మీదికి వంగి కబుర్లు చెప్పకు, తుంపర పడ్డచోట కొన్నాళ్లకి మచ్చ తేలుతుంది. పీవీసీ కలిసిన మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏవైనా ఉంటే ఇవాళే తీసెయ్యి. వాటివల్లే నాణెం మీద పచ్చటి జిడ్డు పేరుకుంటుంది.

స్టేప్లర్ పిన్నుల సంగతి మాత్రం ఇంత తేలిగ్గా వదలను. మధ్యలో కిటికీ ఉన్న అట్టల్లో నాణెం పెట్టి నాలుగు వైపులా పిన్నులు కొడతారే, అవంటే నాకు పామును చూసినంత భయం. అట్ట విప్పి నాణేన్ని లాగేటప్పుడు పిన్ను కొస ఒక్కసారి తగిలితే చాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా గీత. వందేళ్లు ఎవరి చేతిలోనూ చెడని నాణెం ఆ ఒక్క క్షణంలో చెడుతుంది. ముందు పిన్నులన్నీ ఒక్కొక్కటిగా ఊడదీసి డబ్బాలో వేసి మూత పెట్టు. ఆ తరవాతే అట్ట తెరువు. నవ్వుకుంటే నవ్వుకో, ఇలాగే చెయ్యి.

"ఇంత చిన్న గీతకి కూడా గ్రేడు తగ్గిస్తారా?" అని అడిగావట. గీత ఎంతుందన్నది తరవాతి మాట. ఎక్కడ పడింది, ఎలా పడింది అన్నది ముందు చూస్తారు. 1 నుంచి 70 దాకా ఉండే ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత పెద్ద సెంట్లనే రాగి నాణేల కోసం తయారుచేశాడు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు పని మొదలుపెట్టాక అన్ని నాణేలకీ అదే కొలత అయింది. చలామణిలో అరగని నాణేలు 60 నుంచి 70 మధ్యలో ఉంటాయి. ఆ మధ్యలో ఒక్కో మెట్టూ తేల్చేది ఈ చిన్న గాట్లూ, మెరుపూ, అచ్చు ఎంత గట్టిగా పడిందన్నదీ. 70 రావాలంటే ఐదు రెట్లు పెద్దది చేసి చూసినా, టంకశాలలో తయారయ్యాక పడ్డ గాటు ఒక్కటీ కనపడకూడదు. 58 వచ్చిన నాణెం కాస్త అరిగినా, 60 వచ్చినదానికంటే అందంగా ఉండటం మామూలే. 60లో ఉన్నది అరగలేదు కానీ ఒళ్లంతా గాట్లే.

నీ దగ్గరున్నవి ఎక్కువ మోర్గాన్ డాలర్లు కదా, ఒక వైపు స్త్రీ ముఖం, ఇంకో వైపు గద్ద ఉండే అమెరికా పాత వెండి నాణేలు. ఒక్కోటి 26.73 గ్రాములు. వెయ్యేసి ఒక సంచిలో పోసి మోసేవారు. ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి కొట్టుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే వాటి మీద సంచి దెబ్బలు ఉంటాయని గ్రేడర్లకి తెలుసు, కొంతవరకు మన్నిస్తారు. అంచు పళ్లు తగిలిన చోట సన్నటి గాట్లు వరసగా, పక్కపక్కనే కనిపిస్తాయి. అదే గాటు బొమ్మ వైపు జుట్టు పాయల్లోనో, బొరుసు వైపు గద్ద ఈకల్లోనో పడితే పట్టించుకునేవాళ్లు తక్కువ. బుగ్గ మీద పడిందా, అయిపోయింది. ఆ నాణెంలో చూపు ముందు ఆగేది వెడల్పాటి నున్నటి బుగ్గ మీదే. ఇంకో సంగతి, పెద్ద డాలరు మీద ఊరుకునే గాటుని చిన్న బంగారు నాణెం మీద ఊరుకోరు. చిన్న ముఖంలో అది ఎంత జాగా తినేస్తుందో చూడు.

బుగ్గ మాట వచ్చింది కాబట్టి మీ నాన్న చేసిన ఘనకార్యం చెప్పాలి. వాడు నీకు చెప్పి ఉండడు.

వాడి దగ్గర శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1881 డాలరు ఒకటి ఉండేది. ఆ సంవత్సరం ఆ టంకశాల నాణేల మెరుపు గొప్పగా ఉంటుంది. దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. వాడిదీ అంతే. నోటికి కాస్త ఎగువన, బుగ్గ మధ్యలో ఒక్క గాటు. చిన్నదే కానీ దాని అడుగు తళుక్కుమనేది, వద్దనుకున్నా కన్ను అక్కడికే పోయేది. నాకు చూపిస్తే 62 రావచ్చు, అదృష్టం బాగుంటే 63, ఉన్నదున్నట్టు పంపమన్నాను. వాడికి ఆ గాటు మీదే బెంగ. "దిష్టిచుక్కలా ఉందక్కా" అన్నాడు. ఎవరో నేర్పారట, ముక్కు పక్కన జిడ్డు బొటనవేలికి రాసుకుని గాటు మీద మెల్లగా రుద్దితే ఆ తళుకు చస్తుందని. నిజంగానే చస్తుంది. బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు రుద్దాడు. నేను చూసేసరికి గాటు మసకబారింది, దాంతో పాటు బుగ్గ సగం మసకబారింది. దీపం కింద తిప్పితే వెలుగు అంతటా తిరుగుతోంది, అక్కడ మాత్రం ఆగిపోతోంది.

కేకలేశాను. అయినా పంపాడు. నంబరు లేకుండా తిరిగొచ్చింది, వాళ్లు నాణెం పెట్టి మూసే ప్లాస్టిక్ డబ్బా మీద "ఆల్టర్డ్ సర్ఫేసెస్", అంటే పైభాగాన్ని ఎవరో మార్చారని రాసి. ఫీజు ఎలాగూ పోయింది. జిడ్డునైతే వెంటనే అసిటోన్ అనే ద్రావకంలో ముంచి తీయొచ్చేమో. రుద్దుడుకి పడ్డ సన్నగీతలు దేనికీ పోవు. గాటు ఉంటే ఒకటో రెండో మెట్లు తగ్గేది, దాచబోయేసరికి మెట్లెక్కే హక్కే పోయింది. డబ్బాశ ఉన్న మనిషి కాదు మీ నాన్న. తనకి ఇష్టమైనది ఎవరికీ లోపంతో కనపడకూడదు, అదీ వాడి బాధ. నీ చిన్నప్పటి ఫొటోలు కూడా వంకపెట్టి మళ్లీ తీయించేవాడు. నీకూ ఆ గుణం వచ్చింది, అందుకే నా భయమంతా.

ఇక నువ్వే చూసి ఏరుకో. ట్యూబ్‌లైటు కింద సన్నగీతలు దాక్కుంటాయి. గది చీకటి చేసి ఒక్క బల్బు పెట్టుకుని, నాణేన్ని అన్ని వైపులా వంచి తిప్పు. ఒకే దిక్కుకి బోలెడు సన్నగీతలు కనిపిస్తే ఎవరో తుడిచారన్నమాట. బుగ్గ మీద మాత్రమే అడ్డంగా ఉంటే ఆల్బమ్‌లో ప్లాస్టిక్ పట్టీ జరిపినప్పుడు పడ్డవి. కానీ కంగారుపడి మంచిదాన్ని పక్కన పెట్టకు. టంకశాలలో అచ్చుని సాన పెట్టినప్పుడు పడే గీతలు కూడా ఉంటాయి. అవి నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తాయి, అక్షరం దగ్గరికో బొమ్మ దగ్గరికో రాగానే ఆగిపోతాయి. తరవాత పడ్డ గీత లోతుగా దిగుతుంది, అక్షరాన్నీ బొమ్మనీ కూడా కోసుకుంటూ పోతుంది. భూతద్దంతో అది ఎక్కడ ఆగిందో చూడు.

నీ నాణేల్లోనే ట్రేడ్ డాలరు, అంటే ఆసియా వ్యాపారం కోసం అమెరికా కొట్టిన వెండి నాణెం, ఒకటుండాలి, చైనా వ్యాపారులు వెండి మంచిదేనని కొట్టిన చిన్న చిన్న ముద్రలతో. పాడైందని పారెయ్యకు. ఆ ముద్రలున్నవాటినే వెతికి కొనేవాళ్లున్నారు, గ్రేడింగ్‌లోనూ ముద్రల సంగతి విడిగా రాసి ఇస్తారు.

మొదటిసారి రెండు మూడే పంపు. బల్బు వెలుగులో తీసిన ఫొటోలు ముందు నాకు పంపు, ఫ్లాష్ వద్దు. మీ నాన్నని ఆ బల్ల దగ్గరికి రానివ్వకు.

మీ అత్త