బూట్లు తొడుక్కో, గడప దాటు

బిడ్డా,

నువ్వు పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షకు, అదే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డిపోలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నా. అయితే "నాలుగు రోజులు పోతది, మూడు రోజులు ముసుగు తన్ని పడుకుంటది" అని కూడా అంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు రోడ్డు సంగతి. చీకట్లో నల్ల టీషర్టు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద ఉరుకుతున్నావట. ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్నా బిడ్డా. ఎదురు బండి లైటు కళ్లలో కొడితే పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. ఆ వేళకు లారీ డ్రైవర్ రాత్రంతా మేలుకుని ఉంటాడు. రేపటి నుంచి ఎన్జీ కాలేజీ గ్రౌండుకే పో. పొద్దుగాల అక్కడ వాకింగ్ చేసేవాళ్లు ఉంటారు. ఈ ఒక్క మాటకు ఎదురు చెప్పకు.

బట్టలు, బూట్లు రాత్రే మంచం పక్కన పెట్టుకో. పదింటికల్లా ఫోన్ అవతల పెట్టు.

ఇక మనసు రాకపోవడం. నాకూ రాలేదు. మా కాలంలో మగవాళ్లకు 5 కిలోమీటర్లు, 25 నిమిషాలు. 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు. రెండు నెలలు బాగానే ఉరికాను. దసరాకు ఊరికి పోయి వచ్చాక ఒకరోజు లేవబుద్ధి కాలేదు. రేపు రెండింతలు ఉరుకుదాంలే అనుకున్నా. ఆ రెండింతలు తలుచుకుంటే మర్నాడు ఇంకా బరువనిపించింది. అట్ల పది రోజులు పోయాయి. ఈవెంట్ ఇంకా వారం ఉందనగా భయం పట్టుకుంది. పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఉరికాను. మూడో రోజుకే మోకాలి కింద ముందెముక వెంబడి సలుపు. ఎవరికీ చెప్పకుండా జండూబామ్ రాసుకున్నా.

ఈవెంట్ రోజు తొమ్మిదో రౌండులో కాలు మోపలేకపోయాను. ట్రాక్ పక్కన కూలబడ్డాను. గేటు బయట మీ తాతయ్య పేపర్లో చుట్టిన రెండు ఉడికిన గుడ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుంటుకుంటూ వచ్చిన నన్ను చూసి ఏమీ అడగలేదు. గుడ్డు పెంకు ఒలిచి చేతిలో పెట్టాడు. "కాలు పట్టేసింది బాపు" అన్నాను. ఆ పది రోజుల సంగతి చెప్పలేదు. ఆయన పోయేదాకా మా వాడికి కాలు మోసం చేసిందనే అందరికీ చెప్పుకున్నాడు.

కాబట్టి విను. పోయిన రోజు పోయిందే, దాన్ని పూడ్చాలని చూడకు. వారం ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇదివరకటి దాంట్లో సగమే ఉరుకు. మనసు లేని రోజు పరుగు గురించి ఆలోచించనే వద్దు. బూట్లు తొడుక్కో, గ్రౌండు దాకా నడువు, పది నిమిషాలు మెల్లగా ఉరుకు. మొదటి పది నిమిషాలు ఒళ్లు ఎవరికైనా మొరాయిస్తుంది, వేడెక్కాక దారికొస్తుంది. అప్పటికీ కాకపోతే ఇంటికి వచ్చెయ్. ఆ రోజు ప్రాక్టీస్ చేసినట్టే లెక్క, నేను ఒప్పుకుంటా. కానీ నొప్పి ఉంటే మాత్రం మొండికేయకు. ఆగిపో, అమ్మకు చెప్పు. జ్వరమైతే దుప్పటి తియ్యకు.

2022 నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. అంటే రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. పక్కవాళ్లను చూసి మొదటి రౌండులోనే ఊపిరంతా ఖర్చు చేసుకోకు. చిన్నప్పుడు పానగల్ చెరువు కట్ట మీద నా సైకిల్ వెనక ఉరికొచ్చిన పిల్లవు నువ్వు, నీకిది కొత్త కాదు. నిన్ను తిట్టానని అనుకోకు తల్లీ.

శనివారం నాకు డ్యూటీ లేదు, నల్లగొండ వస్తా. ఆ అరిగిన బూట్లు మార్చేద్దాం. అప్పటిదాకా రోజూ పొద్దున 4:45కు మిస్డ్ కాల్ ఇస్తా. ఎత్తకు. లేసులు కట్టుకున్నాక నువ్వొకటి ఇయ్యి. అది వచ్చాకే బండి స్టార్ట్ చేస్తా.

మీ మామ