చిన్న రైలు ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, నౌపడా–గుణుపూర్ నేరోగేజి రైలు తాలూకు ఫొటోలు, సామాన్లు పోగేసి మా ఊళ్ళో ఒక గదిలో పెడదామని కుర్రాళ్ళం అనుకున్నాం. పర్లాకిమిడి నుంచి ఒడియా మిత్రులూ కలిశారు. ఇంతలో పేరు బోర్డు దగ్గర టెన్షన్ మొదలైంది. గుమ్మంలో గజపతి మహారాజు బొమ్మ ఉండాలని వాళ్ళు, ఇది తెలుగు ఊరు కదా అని మావాళ్ళు. మానేద్దామా?
– ఒక పాఠకుడు, పాతపట్నం

జవాబు: మానకండి బాబూ. పట్టనివాళ్ళు తగువాడరు.

లైను వేయించింది పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతే. దాచడం దేనికి? 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి బండి నడిచేనాటికి రెండు ఊళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటే ఉండిపోయింది. బండి మాత్రం సరిహద్దు దాటుతూనే ఉంది.

ఆ 1936 సంగతీ గోడ మీద రాయండి. గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి పర్లాకిమిడిలో ఉండి అక్కడి గిరిజనులైన సవరల భాషకు నిఘంటువు కూర్చారు. ఊరు ఒడిశాలో కలవడం ఇష్టంలేక అదే ఏడు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇలాంటి నొప్పి అటువైపూ ఉంటుంది, అడిగి రాయించండి. అది వదిలేసి ‘అందరం అన్నదమ్ములం’ అని బ్యానరు కడితే ఎవరూ నమ్మరు.

రాజుగారి బొమ్మ లోపలి గోడకు పెట్టండి. గుమ్మంలో గ్యాంగుమన్ సుత్తి, గార్డు జెండా ఉండాలి. (నాది పక్షపాతమే. మా నాన్నగారు నౌపడాలో ఉప్పు బస్తాల లెక్క రాసిన గుమస్తా.) ఎండలో పట్టాలు సరిచేసినవాళ్ళలో తెలుగువాళ్ళెవరు, ఒడియావాళ్ళెవరు అని చూడబోతే మీ తగువు సగం తగ్గుతుంది. అన్నట్టు, ఆ దారంతా సవరల ఊళ్ళున్నాయి. మీ ఉత్తరంలో వాళ్ళ ఊసే లేదు. ముందు వాళ్ళని పిలవండి.

సామాన్ల కంటే మనుషులు తొందర. నేరోగేజి 2004లో ఆగింది, 2011లో బ్రాడ్‌గేజి వచ్చింది. ఆవిరి ఇంజన్ల మీద పనిచేసినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. వాళ్ళ భాషలోనే ఫోన్లో రికార్డు చేయండి. జీతమెంత, ఎక్కడ పట్టాలు తప్పింది, పక్క మనిషితో ఏ భాషలో తిట్టుకునేవారు, అన్నీ అడగండి. వస్తువు ఇచ్చినవారి పేరూ ఊరూ వాళ్ళు ఒప్పుకుంటేనే దాని కింద రాయండి. రైల్వే స్థలంలోంచి ఇనుప ముక్కైనా అనుమతి లేకుండా తేవద్దు.

ఆరు నెలలు మీ ఊళ్ళో, ఆరు నెలలు పర్లాకిమిడిలో పెట్టండి. తాళాలు రెండు చేయించి చెరొకటి ఉంచుకోండి. బోర్డు ఆఖరున. ఒడియా అక్షరాలు మాత్రం వాళ్ళ చేతే రాయించండి, తప్పు పడితే మళ్ళీ అదో గొడవ.