బదిలీయా, బదలాయింపా?

సందేహం: మాది రాజోలు దగ్గర ఊరు. మా పంచాయతీ పాత భవనాన్ని మండల పరిషత్తుకు ఇస్తూ తీర్మానంలో ‘సదరు భవనము మండల పరిషత్తు వారికి బదిలీ చేయడమైనది’ అని రాశారు. బదిలీ ఉద్యోగులకు కదా? ‘బదలాయింపు’ అనాలని నేనంటే, రెండూ ఒకటేనని మా వార్డు మెంబరు గారు అన్నారు. ఏది సరి?

సమాధానం: పుట్టుక చూస్తే ఆయన మాటా నిజమేనమ్మా. రెండూ అరబ్బీ ‘బదల్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. పక్కింట్లో గ్లాసుడు పంచదార బదులు తెచ్చుకుంటాం చూడండి, ఆ బదులూ, చేబదులూ వీటి చుట్టాలే. వాడుకలో మాత్రం దారులు వేరయ్యాయి. మనిషికి చోటు మారితే బదిలీ, ఆస్తి చేతులు మారితే బదలాయింపు. అమలాపురం తహసీల్దారుకు బదిలీ అవుతుంది, ఆయన్ని ఎవరూ బదలాయించరు. అందుకే నా ఓటు మీ మాటకే. అలాగని ‘ఆస్తి బదిలీ’ని తప్పని కొట్టెయ్యలేను. 1882 నాటి చట్టాన్ని తెలుగులో ‘ఆస్తి బదిలీ చట్టం’ అనే అంటున్నారు.

నాకు బెంగ వేరే చోట ఉంది. మీవాళ్లు ఇచ్చింది తాళంచెవా, హక్కా? ఆ వాక్యంలో అది తేలలేదు. వాడుకోమని ఇస్తే ‘అప్పగింత’ చాలు. హక్కే ఇస్తే మన వైపు చక్కటి మాట ఉంది: దఖలు. తండ్రి కూతురికి కొబ్బరితోట దఖలు రాసిచ్చాడంటే, ఆ తోట ఇక కూతురిదేనని కోనసీమలో చదువురాని రైతుకూ తెలుసు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాల వంటి పోరంబోకులు పంచాయతీకి ‘దఖలు పడతాయి’ అనడమూ ఈ అర్థంలోనే.

నోటిమాట హక్కును చెప్పదు. జిల్లా బోర్డులు పోయి 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక బోర్డు బడులు పరిషత్తువయ్యాయి. అయినా మన పెద్దవాళ్లకు అది ‘బోర్డు హైస్కూలే’. వాళ్లు అలా పిలుచుకుంటే నష్టం లేదు. తీర్మానానికి ఆ వెసులుబాటు లేదు.

హక్కు ఇచ్చి ఉంటే ‘సదరు భవనమును, దాని స్థలమును సర్వహక్కులతో మండల పరిషత్తు వారికి దఖలు పరచడమైనది’ అని రాయించండి. వాడకానికే అయితే ‘వాడుకొనుటకు అప్పగించడమైనది, హక్కు పంచాయతీదే’ అని ఉండాలి. మెంబరు గారిని ముందు ఈ సంగతి అడగండి, బదిలీ గొడవ తర్వాత చూసుకోవచ్చు.