ఫ్లష్ ట్యాంకు నిండినా నీళ్లు ఆగకపోతే

అన్నా, ట్యాంకు నిండాక కూడా కమోడ్‌లోకి సన్నగా నీళ్లు కారుతూనే ఉన్నాయి, ప్లంబరేమో సెట్టంతా మార్చాలంటున్నాడు అన్నారు కదా. అప్పుడే డబ్బులు పెట్టకండి. మూత తీసి ఫ్లోట్‌ను, అంటే నీళ్లమీద తేలే బుడ్డిని, చేత్తో మెల్లగా పైకెత్తండి. నీళ్లు ఆగాయంటే ట్యాంకులోకి నీళ్లు వదిలే వాల్వ్ బాగానే ఉంది, ఫ్లోటే ఎత్తులో ఉంది. దాని పక్కనున్న స్క్రూ తిప్పి కిందికి దించండి. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీళ్లు కమోడ్‌లోకి పోయే నిలువు గొట్టం) అంచుకు ఒక అంగుళం కిందే ఆగాలి.

ఎత్తినా ఆగకపోతే వాల్వ్ లోపలి వాషర్ చూడాలి. తిరుపతిలో మీది బోరు నీళ్లయితే నా అనుమానం ఉప్పు మీదే. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లొచ్చే చిన్న కుళాయి) కట్టేసి, వాల్వ్ విప్పి, తెల్లగా పేరుకున్న భాగాలను వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. వాషర్ చిరిగి ఉంటే అదొక్కటే మార్చండి. పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లండి, లేదంటే సైజు కుదరక రెండోసారి తిరగాలి.

మట్టం సరిగ్గా ఉండి కూడా కారుతోందా? ట్యాంకులో కాస్త సిరా కలిపి ఓ 20 నిమిషాలు ఫ్లష్ నొక్కకుండా వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగున ఉండే రబ్బరు సీల్ పోయినట్టే, ఫ్లోట్ జోలికి పోనక్కర్లేదు.