పక్కింటికి ఇబ్బంది లేదు సరే, పైన వెళ్లే విమానానికి?

ప్రశ్న: ఊళ్లో గుడి కార్యక్రమాలు, రైతులకు పనికొచ్చే కబుర్లు వినిపిద్దామని ఆన్‌లైన్‌లో 15 వాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ బోర్డు కొన్నాం. డాబా మీద ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టాం. చుట్టుపక్కల బాగా వస్తోంది. ఎవరి టీవీకీ, రేడియోకీ ఇబ్బంది లేదు. రేంజ్ పెరగాలంటే ఏ యాంప్లిఫయర్ కొనాలి?
– గన్నవరం దగ్గరి నుంచి ఒక పాఠకుడు

యాంప్లిఫయర్ మాట తర్వాత, ముందు ఆ బోర్డుకి కరెంటు తీసేయండి. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. పెళ్లి మండపానికని ఒకరు, కాలేజీ ఫెస్ట్‌కని ఇంకొకరు. అందరూ చివర్లో రాసే మాట ఒకటే: ఎవరికీ ఇబ్బంది లేదు. ఎవరిని అడిగి తేల్చుకున్నారు? పక్కింటివాళ్లని. మీకు కూతవేటు దూరంలో విజయవాడ విమానాశ్రయం ఉంది. అక్కడ దిగే పైలట్లని అడిగారా?

ఎఫ్ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. విమానాల బ్యాండ్ అక్కడే మొదలవుతుంది, మధ్యలో ఖాళీ లేదు. 108 నుంచి 112 లోపు ఐఎల్ఎస్ లోకలైజర్ పనిచేస్తుంది. మబ్బుల్లో దిగుతున్న విమానం రన్‌వే మధ్యగీతకి ఎడమకి జరిగిందో కుడికి జరిగిందో 90, 150 హెర్ట్జ్ టోన్లను పోల్చి చూపించేది అదే. 118 నుంచి 137 దాకా పైలట్లకీ టవర్‌కీ నడిచే మాటలు. అందులో 121.5 అత్యవసరానికి కేటాయించింది.

'మేం పెట్టింది 107.5 కదా' అంటారు. మీ దగ్గర్లో 93.5లో బలమైన స్టేషన్ ఒకటి ఉందనుకోండి. దాని సిగ్నల్ మీ యాంటెన్నా గుండా లోపలికొచ్చి, బోర్డులోని చివరి ట్రాన్సిస్టర్‌లో మీ సిగ్నల్‌తో కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. 107.5ని రెట్టింపు చేసి 93.5 తీసేయండి. 121.5 వస్తుంది. డిస్‌ప్లే మీద మాత్రం 107.5 అనే కనిపిస్తుంటుంది. లైసెన్సున్న స్టేషన్లు దీన్ని ఆపడానికే యాంటెన్నాకి ముందు ఫిల్టర్లు పెడతాయి. మీ బోర్డులో అలాంటిదేదీ ఉండదు.

ఇది మీకెందుకు తెలియలేదంటే, మీరు నేల మీద ఉన్నారు. 10 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకి భూమి వంపు అడ్డు రాకుండా అందే దూరం సుమారు 13 కిలోమీటర్లు. 3,000 మీటర్ల ఎత్తులో ఉన్న విమానానికి అదే దూరం 225 కిలోమీటర్లు. మధ్యలో చెట్టు లేదు, మేడ లేదు. మీ బోర్డు నుంచి పొరపాటున కారే కొద్దిపాటి సిగ్నల్ మీ వీధి చివర వినపడకపోయినా పైలట్ చెవికి చేరుతుంది.

పాట వినపడటం కాదు నన్ను భయపెట్టేది. పాట వినపడితే ఏదో రేడియో అడ్డొస్తోందని పైలట్‌కి వెంటనే తెలుస్తుంది. గురగుర శబ్దం కింద ఒక అంకె మునిగిపోతేనే భయం. దిగాల్సిన ఎత్తు, తిరగాల్సిన దిశ, రన్‌వే నంబరు, అన్నీ అంకెలే. ఆ ఫ్రీక్వెన్సీలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. ఒక పైలట్ 'మళ్లీ చెప్పండి' అన్నప్పుడల్లా వెనక వరసలో ఉన్న విమానాలన్నీ నోరు మెదపకుండా ఆగాలి.

బ్రెజిల్‌లోని సావో పాలోలో ఏళ్ల తరబడి ఇదే గోల. అక్కడ దొంగ ఎఫ్ఎం స్టేషన్లలో పాటలూ ఉంటాయి, మతబోధలూ ఉంటాయి. వాటి మాటలు విమానాల రేడియోల్లో పడుతున్నాయని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. 25 వాట్లకి మించకుండా చట్టబద్ధంగా ఊరి రేడియో పెట్టుకోవచ్చని 1998లోనే ఆ దేశం చట్టం చేసింది. అనుమతి లేకుండా నడిపితే రెండు నుంచి నాలుగేళ్ల జైలని అంతకు ముందు ఏడాదే ఇంకో చట్టం చెప్పింది. అయినా ఆగలేదు. అమెరికా 2020లో జరిమానాని రోజుకి లక్ష డాలర్ల దాకా పెంచింది.

'విమానాల రిసీవర్లనే బాగు చేసుకోవచ్చుగా' అని ఒకాయన వాదించారు. చేశారు. పక్క బ్యాండ్‌లోని ఎఫ్ఎం సిగ్నళ్లను తట్టుకోవాలన్న అంతర్జాతీయ ప్రమాణం 1998 నుంచే అమల్లో ఉంది. కానీ మీ బోర్డు చిమ్మే చెత్త నేరుగా విమానాల ఫ్రీక్వెన్సీ మీదే పడితే ఏ రిసీవరూ దాన్ని వేరు చేయలేదు. ఆపాల్సింది పుట్టిన చోటే.

అందుకే నా కోపం మీకంటే ఎక్కువగా ఈ బోర్డులు తయారుచేసేవాళ్ల మీద. ఫిల్టర్‌కయ్యే కాస్త ఖర్చు మిగుల్చుకుని, 'విద్యార్థుల ప్రయోగాలకు' అని రాసి వదిలేస్తున్నారు. వీటిలో వాడే కొన్ని చిప్‌లు 115 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి. అంటే బటన్ నొక్కుకుంటూ పోతే నేరుగా లోకలైజర్ మీదికే. 108 దగ్గర ఆగేలా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గీత గీయడం అంత కష్టమా? లైసెన్సు లేని వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని మన దేశంలో 1933 చట్టమే చెప్పింది. కొనేవాడికి ఆ సంగతి అమ్మే పేజీలో కనపడాలి. 2025లో వాకీటాకీల అమ్మకాల మీద కేంద్రం ఈ-కామర్స్ సైట్లకి నోటీసులిచ్చింది, రేడియో పరికరాలకి మార్గదర్శకాలు తెచ్చింది. ఈ బోర్డుల మీదా అంతే గట్టిగా పడాలి.

మీ ఉద్దేశం మంచిదే, దారి కూడా ఉంది. సంగారెడ్డి జిల్లా మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న లైసెన్సుతో గాలిలోకి వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపుల్ని సంఘం సమావేశాల్లో వినిపించారు. ట్రాన్స్‌మిటర్ మాత్రం ఆన్ చేయలేదు. కమ్యూనిటీ రేడియోకి వ్యక్తులు దరఖాస్తు చేయలేరు. నమోదై మూడేళ్లయిన స్వచ్ఛంద సంస్థ, కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం చేయొచ్చు. 100 వాట్ల దాకా అనుమతిస్తారు. అది వచ్చేలోపు ఫోన్లోంచే ఇంటర్నెట్‌లో లైవ్ ఇవ్వండి.

ప్రశ్న: కారు చార్జర్ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ ఎఫ్ఎం మాడ్యులేటర్ కూడా ప్రమాదమేనా?
– తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

కాదమ్మా. దాని సిగ్నల్ కొద్ది మీటర్లే. అయితే రేంజ్ కోసం దానికి తీగ అతికించమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. ఆ పని మాత్రం చేయకండి.