సీసా అడుగున మిగిలిన విస్కీని ఏం చేయాలి?

సీసాలో పావు వంతు విస్కీ ఏడాదిగా అలాగే ఉండిపోయిందనీ, రుచి చప్పబడిందనీ, పారబోయాలా అనీ అడిగారు. పారబోయకండి. 40 శాతం ఆల్కహాల్‌లో సూక్ష్మజీవులు పెరగలేవు, అది చెడిపోలేదు. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి ఎక్కువవుతుంది. అందులోని ఆక్సిజన్ రుచిని మెల్లగా మార్చేస్తుంది. మూత తీసిన ప్రతిసారీ తేలికైన సువాసనలు కొన్ని ఎగిరిపోతాయి. పోయిన పరిమళం తిరిగి రాదు, ఉన్నదాన్ని మాత్రం నిలుపుకోవచ్చు.

ఇవాళే ఓ చిన్న గాజు సీసా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, మెడ దాకా నిండేలా అందులోకి మార్చండి. ప్లాస్టిక్ వద్దే వద్దు. మరమూత బిగించి, ఎండ తగలని చోట నిలబెట్టే ఉంచండి. కార్కు మూత ఉన్న సీసానైతే వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ ఆ కార్కును తినేస్తుంది. పాత సీసా కార్కు పొడి విస్కీలో పడివుంటే కాఫీ ఫిల్టర్‌తో వడగట్టండి, చాలు.

మరీ చప్పగా ఉంటే నిమ్మరసం, కొంచెం పంచదార పాకం, ఐసు వేసి కలపండి. ఆ పులుపులో లోటు తెలియదు. నాకైతే సోడాతో కూడా బాగుంటుంది. సీసా ఖాళీ చేయాలని మాత్రం మొత్తం ఒకే రాత్రి తాగేయకండి. చిన్న సీసాలోకి మారిస్తే తొందరేమీ ఉండదు, నెలలు నిలుస్తుంది.