మేం తిట్టిన జేలెన్, మేం మెచ్చిన జేలెన్

ప్రశ్న: మీ అభిమాన ఫుట్‌బాల్ టీమ్ డ్రాఫ్ట్‌లో ఒక ఆటగాణ్ణి తీసుకున్న రోజు మీరేమన్నారు? ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఏమనిపిస్తోంది?

నేనేమన్నానో నాకు బాగా గుర్తుందనే అనుకున్నాను, ఈ ప్రశ్న చూసేదాకా. ఎందుకైనా మంచిదని మా వాట్సాప్ గ్రూపులో 2020 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్లి చదివాను. ఇన్నేళ్లుగా నేను అందరికీ చెప్పుకుంటున్న కథలో సగం నేనే అల్లుకున్నదని తేలింది. కాబట్టి ఈ జవాబు గుర్తున్నదాన్ని నమ్మి కాదు, రాసి ఉన్నదాన్ని చూసి రాస్తున్నాను.

నేనుండేది ఫిలడెల్ఫియా దగ్గర ఎక్స్‌టన్‌లో. 2015లో వచ్చాను. మొదటి రెండేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని కుమ్ముకోవడమే అనుకున్నాను. 2018 జనవరిలో సెమీఫైనల్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్ రోజున, గెలిస్తే మా ఊరి టీమ్ ఈగిల్స్ ఫ్యాన్స్ కరెంటు స్తంభాలెక్కేస్తారని పోలీసులు వాటికి డాల్డాలాంటి క్రిస్కో పూశారు. మాది చిత్తూరు వైపు. ఉట్ల పండక్కి మానుకి జారుడు పూసి, కింద నుంచి నీళ్లు కొడుతుంటే కుర్రాళ్లు ఎగబాకడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ ఎక్కొద్దని పూస్తే కూడా ఎక్కారు. వీళ్లు మనవాళ్లే అనిపించింది. ఆ ఫిబ్రవరిలో పేట్రియట్స్ మీద 41-33తో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు. అంతే, నేనూ పడిపోయాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం డ్రాఫ్ట్ గురించి రెండు ముక్కలు. ఐపీఎల్ వేలంలో పాట ఉంటుంది, జేబులో డబ్బుంటే ఎవరినైనా లాక్కోవచ్చు. ఇక్కడ పాట లేదు. కాలేజీ ముగించి వచ్చే ఆటగాళ్లని 32 టీమ్‌లు వంతులవారీగా పిలుస్తాయి. కిందటేడు అందరికంటే అధ్వానంగా ఆడినవాళ్లది మొదటి వంతు, సూపర్ బౌల్ గెలిచినవాళ్లది చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు. టీమ్‌లు కావాలంటే వంతులు మార్చుకోవచ్చు. ఒక్కసారి పేరు పిలిచారంటే ఆ వంతు అయిపోయినట్టే. అందుకే ఫ్యాన్స్ ఏడుపు ఎప్పుడూ వచ్చినవాడి గురించి తక్కువ, రాకుండా పోయినవాడి గురించి ఎక్కువ.

2020లో మా ఏడుపుకి కారణం కార్సన్ వెంట్జ్, మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. 2017లో 13 ఆటల్లో 33 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, లీగ్‌లోనే మేటి అనిపించుకుంటున్న వేళ డిసెంబర్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు. అతని బదులు వచ్చిన నిక్ ఫోల్స్ సూపర్ బౌల్ గెలిపించాడు. ఊళ్లో విగ్రహం బ్యాకప్‌కి వెలిసింది! అయినా 2019 జూన్‌లో టీమ్ వెంట్జ్‌కే నాలుగేళ్లకు 12.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆ ఏడాది అతను విసిరే బంతి అందుకునే వైడ్ రిసీవర్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లోంచి తెచ్చినవాళ్లతో అతను చివరి నాలుగు ఆటలూ గెలిచి ప్లేఆఫ్స్‌కి లాక్కొచ్చాడు. ఒక్క వైడ్ రిసీవర్‌కి కూడా 500 గజాలు లేకుండా తను 4 వేల గజాలు దాటించాడు. అంతకుముందు లీగ్‌లో ఎవరూ చేయని పని. తీరా ప్లేఆఫ్ ఆటలో తలకి దెబ్బ తగిలి మొదటి క్వార్టర్‌లోనే బయటికెళ్లాడు. నలభై ఏళ్ల జోష్ మెక్‌కౌన్ వచ్చి కాలు ఈడ్చుకుంటూ ఆడాడు, 17-9తో ఓడిపోయాం.

ఆ ఆట చూసి మా గ్రూపు మొత్తం నేర్చుకున్న పాఠం ‘వెంట్జ్‌కి మంచి రిసీవర్ కావాలి’. టీమ్ నేర్చుకున్న పాఠం ‘మంచి బ్యాకప్ కావాలి’. ఇద్దరం ఒకే ఆట చూశాం.

లాక్‌డౌన్ రోజులు. ఏప్రిల్ 23, గురువారం. డ్రాఫ్ట్ అంతా ఎవరింట్లోంచి వాళ్లు. కమిషనర్ రోజర్ గుడెల్ తన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని పేర్లు చదువుతున్నాడు. పదిహేడో వంతులో డాలస్ కౌబాయ్స్ రిసీవర్ సీడీ ల్యాంబ్‌ని ఎత్తుకెళ్లారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా అక్క మొగుడు పక్కా కౌబాయ్స్ మనిషి. వెంటనే మెసేజ్: ‘ఏం బామ్మర్దీ, భోంచేశావా?’ నేను పలకలేదు. ఇరవై ఒకటో వంతు మాది. మావాళ్లు పిలిచిన రిసీవర్ జేలెన్ రేగర్. మరుసటి వంతులో మిన్నెసోటా వైకింగ్స్ ఇంకో రిసీవర్, జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకున్నారు.

ఇక్కడే నా అసలు దొంగతనం బయటపడింది. ‘ఆ రాత్రే జెఫర్సన్ కావాలని మొత్తుకున్నాను, ఎవరు విన్నారు’ అని ఇన్నాళ్లూ ఆఫీసులో, పార్టీల్లో, ఒకసారైతే సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర కూడా చెప్పాను. గ్రూపులో ఉన్న నా మెసేజ్ ఇదీ: ‘స్పీడున్నోడు కావాలన్నాం, వచ్చాడు. సూపర్ పిక్.’ అప్పట్లో ఎమ్మెస్ చదువుతున్న ఒక కుర్రాడు ‘జెఫర్సన్ ఉండగా వీడెందుకన్నా?’ అనడిగాడు. దానికి నేను నవ్వుతున్న బొమ్మ పెట్టాను. జెఫర్సన్ పేరు నా వేళ్ల మీదుగా మొదటిసారి వచ్చింది సెప్టెంబర్ 28న. ముందురోజు అతను టైటన్స్ మీద 175 గజాలు కొట్టాడు లెండి. ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి సియాటెల్ వెళ్లిపోయాడు, గ్రూపు కూడా వదిలేశాడు. తన మాట నేను నా పేరు మీద రిజిస్టర్ చేయించుకున్నానని వాడికి తెలియదు.

శుక్రవారం రాత్రి రెండో రౌండ్. మొత్తం మీద 53వ వంతు. గుడెల్ నోట మళ్లీ జేలెన్ అని వినగానే ఒకాయన ‘రికార్డింగ్ వేస్తున్నారా?’ అన్నాడు. ఈసారి జేలెన్ హర్ట్స్. క్వార్టర్‌బ్యాక్!

ఆ తర్వాత గంటలో గ్రూపులో వచ్చినవి చదివితే నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ‘స్టెప్నీకి ఫెరారీ చక్రం కొన్నారు’ అని ఒకరు. ‘టీమ్ అమ్మేయండి’ అని ఇంకొకరు. మేనేజర్ హోవీ రోజ్‌మన్‌కి ఫుట్‌బాల్ రాదని పదకొండు మంది. లెక్కపెట్టాను. నాది మాత్రం కాస్త సాహిత్యంగా ఉంది: ‘రెండో రౌండ్ వేస్ట్. ఇంట్లో నిక్షేపంలాంటి పెద్దకొడుకుండగా పక్కింటోణ్ణి దత్తత తెచ్చుకున్నట్టుంది.’ పదమూడు లైకులు.

హర్ట్స్ గురించి నాకు అప్పటికి ఏం తెలుసు? ఏమీ తెలియదు. టీవీలో చూపించిన రెండు నిమిషాల క్లిప్పులు, అంతే. మనబోటివాళ్లకి ఇక్కడి కాలేజీ ఆటతో బంధం ఉండదు. శనివారం మధ్యాహ్నాలు మనకి పటేల్ బ్రదర్స్ కిరాణాకీ పిల్లల కూచిపూడి క్లాసులకీ సరిపోతాయి. సోమవారం టీమ్ కాల్ అయ్యాక మా ఆఫీసులో ఒక పెద్దాయన దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. దక్షిణ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగినవాడు. ఆయన చెప్పిన సంగతి ఇదీ. 2018 జనవరిలో అలబామా తరఫున జార్జియా మీద జాతీయ కాలేజీ ఫైనల్ ఆడుతుంటే సగం ఆటలో హర్ట్స్‌ని కూర్చోబెట్టి టువా టాగోవైలోవాని దింపారు. టువా గెలిపించాడు. టీవీ కెమెరాల ముందు అంత అవమానం జరిగితే వేరేవాడైతే మర్నాడే కాలేజీ మారేవాడు. ఇతను ఇంకో ఏడాది అక్కడే బెంచ్ మీద కూర్చున్నాడు. ఆ డిసెంబర్‌లో అదే జార్జియాతో కాన్ఫరెన్స్ ఫైనల్లో టువాకి దెబ్బ తగిలితే లేచి వెళ్లి 35-28తో గెలిపించి వచ్చాడు. తర్వాతే కాలేజీ మారి ఓక్లహోమా వెళ్లాడు.

‘అదంతా సరే, బ్యాకప్‌కి రెండో రౌండా?’ అన్నాను. ఆయన నవ్వి 1999 సంగతి ఎత్తుకున్నాడు. ఆ ఏడు ఈగిల్స్‌ది రెండో వంతు. ఊరంతా అప్పటి కాలేజీ స్టార్ రికీ విలియమ్స్ కావాలని పట్టుబట్టింది. ఇక్కడి స్పోర్ట్స్ రేడియో ముప్పై మంది దాకా ఫ్యాన్స్‌ని పనిగట్టుకుని న్యూయార్క్ తీసుకెళ్లింది, అరవడానికే. డోనవన్ మెక్‌నాబ్ పేరు పిలవగానే వాళ్లు బూ అని అరిచారు. పాపం, ఆ కుర్రాడు అమ్మానాన్నలతో కలిసి వచ్చిన రోజు. అదే మెక్‌నాబ్ ఈ టీమ్‌ని ఐదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్‌కీ, ఒకసారి సూపర్ బౌల్‌కీ తీసుకెళ్లాడు. విలియమ్స్ కోసం న్యూ ఆర్లీన్స్ వాళ్లు ఆ ఏడాది తమకున్న వంతులన్నీ సమర్పించుకున్నారు. ‘అప్పుడు ఇంట్లో కూర్చుని నేనూ అరిచాను. ఇప్పుడు నువ్వూ ఈ ఊరివాడివయ్యావు’ అన్నాడాయన.

2020 సీజన్ ఘోరంగా నడిచింది. వెంట్జ్ 12 ఆటల్లో 15 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, అంటే బంతి అవతలివాళ్ల చేతికి విసిరాడు, 50 సార్లు బంతితో సహా కిందపడ్డాడు. డిసెంబర్‌లో అతన్ని కూర్చోబెట్టి హర్ట్స్‌ని దింపారు. వరసగా తొమ్మిది ఆటలు గెలిచి ఊపు మీదున్న సెయింట్స్‌ని మొదటి స్టార్ట్‌లోనే ఓడించాడు. కొన్నాళ్లకి వెంట్జ్‌ని ఇండియానాపొలిస్‌కి పంపేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, గ్రూపులో ఎవరూ ఒప్పుకోరు. ఆ శుక్రవారం రాత్రి మేం భయపడ్డది ‘ఇది వెంట్జ్‌ని కుంగదీస్తుంది’ అని. నాకైతే ఆ భయం తప్పని ఇప్పటికీ అనిపించదు. వెనకాల ఒకడు కాచుకుని ఉన్నాడని తెలిసినప్పుడు మనిషి చెయ్యి ఎలా వణుకుతుందో, లేఆఫ్‌ల కాలంలో ఇక్కడ ఉద్యోగం చేసే ప్రతి హెచ్‌వన్‌బీ వాడికీ తెలుసు. మేం ఊహించినట్టే అతను కుంగిపోయాడు. అయితే వెంట్జ్ పోతే ఈగిల్స్ పోతాయనుకున్నాం చూడండి, బోల్తా పడింది అక్కడ.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, లేదు. 2022 జనవరిలో టాంపా చేతిలో 31-15తో ప్లేఆఫ్స్ ఓడినప్పుడు ‘వీడితో కాదు, ఇంకెవర్నైనా తెండి’ అని రాసింది కూడా నేనే. ఈ మెసేజ్ అయితే నాకు బొత్తిగా గుర్తులేదు. మొదటి తప్పుని నలుగురిలో నవ్వుతూ ఒప్పుకుంటూ, రెండోదాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేసుకున్నానన్నమాట.

2022 సెప్టెంబర్ 19, సోమవారం రాత్రి, మొదటిసారి స్టేడియంకి వెళ్లాను. మాకూ వైకింగ్స్‌కీ ఆట. టికెట్ ధర మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ రాత్రి ఆ ముగ్గురూ ఒకే మైదానంలో ఉన్నారు. మేం వదిలేసిన జెఫర్సన్. అతని బదులు మేం తెచ్చుకుని, రెండేళ్లలో 700 గజాలకి కాస్త లోపే ఆడించి, మూడు వారాల కిందటే వైకింగ్స్‌కే పంపేసిన రేగర్. మేం తిట్టిన హర్ట్స్. జెఫర్సన్‌ని మావాళ్లు 48 గజాల దగ్గర కట్టేశారు. హర్ట్స్ 333 గజాలు విసిరి, రెండు టచ్‌డౌన్లు తనే పరిగెత్తి కొట్టాడు. 24-7. నా కళ్లు మాత్రం మాటిమాటికీ పక్కన వైకింగ్స్ జెర్సీలో నిలబడ్డ రేగర్ మీదికే పోయాయి. ‘సూపర్ పిక్’ అన్నానే, అతని మీద. అతను నన్ను అడిగి రాలేదు, ఈగిల్స్‌నీ అడగలేదు. తన పేరు తర్వాతి పేరు జెఫర్సన్ కావడం తప్ప అతను చేసిన నేరం చాలా చిన్నది. ఇరవై ఒకటో వంతులో కాకుండా మూడో రౌండ్‌లో వచ్చుంటే ‘ఫర్వాలేదులే’ అనుకునే ఆటగాడు.

నా దగ్గర వెంట్జ్ పేరున్న పదకొండో నంబర్ జెర్సీ ఉండేది. ఆ ఏడాదే ఏ.జె. బ్రౌన్ వచ్చి అదే నంబర్ తీసుకున్నాడు. వెనక పేరు మీద తెల్ల టేప్ అంటించి ‘బ్రౌన్’ అని రాయించుకుందామని చూశాను. మా అమ్మాయి ‘డాడీ, ప్లీజ్’ అంది. మానేశాను.

2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లీన్స్‌లో సూపర్ బౌల్. రెండేళ్ల కిందట 38-35తో మమ్మల్ని ఏడిపించిన అదే కాన్సాస్ సిటీ. ఈసారి 40-22. మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ జేలెన్ హర్ట్స్. ఎవరి గ్రూపులో చూసినా అందరూ ‘మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా’ అనేవాళ్లే. నేనూ టైప్ చేయడం మొదలుపెట్టాను. ఈలోపు ఫ్రిస్కో బావ గ్రూపు ఫోటో మార్చాడని వచ్చింది. తెరిచి చూస్తే, పెద్దకొడుకు, పక్కింటోడు, దత్తత, పదమూడు లైకులతో సహా నా మెసేజ్ స్క్రీన్‌షాట్. ఇవాళ్టికీ మా గ్రూపు ఫోటో అదే. మార్చమని అడిగితే, కౌబాయ్స్ సూపర్ బౌల్ గెలిచిన రోజు మారుస్తానంటాడు. వాళ్లు ఆఖరిసారి గెలిచింది 1996 జనవరిలో.